రాతి డ్యామ్‌లో ఆటోమేటిక్ పరికరాలు: పీజోమీటర్లు, వీ-నాచ్‌లు, గేట్లు. ముందు ఏది, ఎలా?

కొండవాగు (#1)

అందరికీ నమస్కారం. 1960ల నాటి రాతి కట్టడపు గ్రావిటీ డ్యామ్ (తన బరువుతోనే నీటిని ఆపేది) గురించి అడుగుతున్నాను. పునాది నుంచి ఎత్తు 38 మీటర్లు, రెండు పక్కలా మట్టికట్ట, స్పిల్‌వేకి 8 రేడియల్ గేట్లు (వంపు పలకతో, ఇరుసు మీద తిరిగేవి), ఫౌండేషన్ గ్యాలరీ (పునాది దగ్గర డ్యామ్ లోపలి సొరంగం) ఒకటి. గ్యాలరీలో అప్‌లిఫ్ట్ (పునాది కింద నీరు పైకి నెట్టే ఒత్తిడి) పైపులకు బోర్డన్ గేజీలు (ముల్లు ఉండే పీడన మాపకాలు) ఉన్నాయి, కొన్ని పనిచేస్తాయి. ఊట కొలిచే వీ-నాచ్‌లు (V ఆకారపు కోత ఉన్న పలకలు) 6. రీడింగులన్నీ వర్క్ ఇన్‌స్పెక్టర్ చేతిరాతతో రిజిస్టర్లలో ఉన్నాయి.

డ్యామ్ భద్రతా చట్టం 2021 ప్రకారం పరికరాలు ఉండాలి, రికార్డు ఉండాలి. అందుకని అంచనా తయారైంది: వైబ్రేటింగ్ వైర్ పీజోమీటర్లు (తీగ కంపనంతో నీటి పీడనం కొలిచేవి) 24, వీ-నాచ్‌లకు అల్ట్రాసోనిక్ సెన్సార్లు 6, క్రెస్ట్ (డ్యామ్ పైఅంచు) మీద జీఎన్‌ఎస్‌ఎస్ స్టేషన్లు (జీపీఎస్ తరహా ఉపగ్రహ స్థానమాపకాలు) 4, భూకంప మాపకాలు 2, డేటాలాగర్లు (రీడింగులు దాచే పెట్టెలు), ఆఫీసులో పెద్ద తెర. గేట్ల గురించి ఒక్క పరికరమూ లేదు. ఈ జాబితా సరైనదేనా? అలారం హద్దులు ఎలా పెట్టాలి? పాత రిజిస్టర్లు ఇక పక్కన పెట్టేయవచ్చా?

తీగకంపనం (#2)

రిజిస్టర్లు పక్కన పెట్టకండి. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే విలువైనవి అవే. దాని సంగతి లెక్కలు తెలిసినవారు చెబుతారు, నేను పీజోమీటర్ల వరకు రాస్తాను.

రేంజ్: 38 మీటర్ల ఎత్తుకు 0.35 మెగాపాస్కల్ సెన్సార్ చాలదు, అది 35 మీటర్ల నీటి దగ్గరే ఆగిపోతుంది. పునాదిలోకి దించేవాటికి 0.7 తీసుకోండి. ఫుల్ స్కేల్‌లో 0.1 శాతం ఖచ్చితత్వం అంటే 7 సెంటీమీటర్ల నీరు. ఈ పనికి అది ధారాళంగా సరిపోతుంది.

జీరో రీడింగ్: ఎక్కువ చోట్ల పని చెడేది ఇక్కడే. ఫిల్టర్‌ను నీటిలో నానబెట్టి గాలి పూర్తిగా పోనివ్వాలి. తర్వాత సెన్సార్‌ను గ్యాలరీలోకి తెచ్చి ఉష్ణోగ్రత కుదుటపడేదాకా ఆగాలి. కనీసం 20 నిమిషాలు పడుతుంది. అప్పుడు ఫ్రీక్వెన్సీ, ఉష్ణోగ్రత, ఆ క్షణపు వాతావరణ పీడనం మూడూ కలిపి రాయాలి. ఫ్యాక్టరీ షీటులోని జీరోను యథాతథంగా వాడితే ఆ తేడా డ్యామ్ ఉన్నంతకాలం ప్రతి రీడింగులోనూ ఉండిపోతుంది. సెన్సార్ గ్రౌటులో (సిమెంటు ముద్దలో) పూడిన తర్వాత దిద్దుకునే దారి లేదు.

వాతావరణ పీడనం: సీల్ చేసిన సెన్సార్ గాలి బరువును కూడా కొలుస్తుంది. 1 హెక్టోపాస్కల్‌కు సుమారు 1 సెం.మీ. నీరు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి పీడనం 20 హెక్టోపాస్కల్ పడిపోతే, 24 పీజోమీటర్లూ ఒకేసారి 20 సెం.మీ. తగ్గినట్టు చూపిస్తాయి. సైట్‌లో ఒక బారోమీటర్ పెట్టించండి. అంచనాలో అది కనబడలేదు.

పాత బోర్డన్ గేజీలను తీసేయకండి. అప్‌లిఫ్ట్ పైపు మూతికి టీ-జాయింట్ వేసి ఒక కొమ్మకు గేజీ, ఇంకో కొమ్మకు సెన్సార్ బిగించండి. రెండూ ఒకే పీడనం చూస్తాయి కాబట్టి ఏది తప్పిందో వెంటనే తెలుస్తుంది. రీడింగ్‌కు ముందు వాల్వు తెరిచి నీళ్లు వదిలే అలవాటు కొన్ని చోట్ల ఉంది, అది మాన్పించండి. బండలో నీరు నెమ్మదిగా కదులుతుంది, వదిలిన పీడనం మళ్లీ నిండటానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది.

ఇంకొకటి, సాఫ్ట్‌వేర్ చివరి అంకె ఒక్కటే దాచకూడదు. ముడి ఫ్రీక్వెన్సీ, ఉష్ణోగ్రత కూడా దాచాలని టెండరులోనే రాయండి. గుణకం తప్పు వేశారని తర్వాత తేలితే ముడి డేటా నుంచి మళ్లీ లెక్క కట్టవచ్చు. అది లేకపోతే ఆ ఏళ్ల రికార్డంతా పోయినట్టే.

వీనాచ్_రంగ (#3)

అల్ట్రాసోనిక్‌లు గ్యాలరీలోకి వద్దండి. కారణం లెక్కలోనే ఉంది.

90 డిగ్రీల వీ-నాచ్‌కు ప్రవాహం (ఘనపు మీటర్లు/సెకను) = 1.38 × (ఎత్తు మీటర్లలో)^2.5. నీటి ఎత్తు 50 మి.మీ. ఉంటే సెకనుకు 0.77 లీటర్లు. ఎత్తులో 3 మి.మీ. తప్పు వస్తే ప్రవాహంలో 16 శాతం తప్పు. గ్యాలరీలో తేమ నూటికి నూరు, సెన్సార్ ముఖం మీద నీటిబొట్లు కడతాయి, 3 మి.మీ. తప్పు రోజూ ఉంటుంది. పైగా సెన్సార్ కింద 20–25 సెం.మీ. దూరంలో అది ఏమీ చూడలేదు, చిన్న కాలువలో దాన్ని అంత ఎత్తున బిగించే చోటు ఉండదు. దీనికి బదులు నీటిలో వేలాడే స్థూపం ఉన్న వైబ్రేటింగ్ వైర్ వియర్ మానిటర్, 300 మి.మీ. రేంజిది తీసుకోండి. దాన్ని నాచ్‌కు ఎగువన, గరిష్ఠ ఎత్తుకు 3–4 రెట్లు దూరంలో పెట్టాలి. నాచ్ పక్కనే పెడితే నీరు అప్పటికే వాలి ఉంటుంది, తక్కువ చూపిస్తుంది.

రాతి కట్టడంలో నాచ్ అంచుకు తెల్లటి సున్నం పేరుకుంటుంది. దానివల్ల ఎగువ నీరు లేచి, ఊట పెరిగిందని డేటా చెబుతుంది. నెలకోసారి అంచు గీకి శుభ్రం చేసి, బకెట్టుతో సరిచూడాలి: 20 లీటర్లు నిండటానికి 26 సెకన్లు పడితే 0.77 లీ/సె. సెన్సార్ చెప్పినదానికీ బకెట్టుకూ 5 శాతం మించి తేడా ఉంటే సెన్సార్‌ను నమ్మకండి.

ఆ తెల్ల సున్నమే అసలు సమాచారం. ఊట నీటిలో కాల్షియం ఎంత, రిజర్వాయర్ నీటిలో ఎంత అని మూడు నెలలకోసారి ల్యాబులో చూపించండి. ఉదాహరణకు మొత్తం ఊట 5 లీ/సె., లీటరుకు 20 మి.గ్రా. కాల్షియం అదనంగా వస్తోందనుకుందాం. రోజుకు 8.64 కిలోలు, ఏడాదికి 3 టన్నులకు పైనే. అంత కాల్షియం మీ మోర్టారులోంచే పోతోంది. ప్రవాహం మారకుండా ఉన్నా ఈ లెక్క పెరుగుతుంటే గోడ లోపల గుల్లబారుతోంది. ఒక కండక్టివిటీ సెన్సార్ ప్రధాన నాచ్ దగ్గర పెట్టండి, ల్యాబు పరీక్షల మధ్య కాలంలో మార్పును అది పట్టిస్తుంది.

శేషం_సిగ్మా (#4)

అలారం హద్దుల గురించి.

"ఊట 6 లీ/సె. దాటితే ఎరుపు" అని ఒకే గీత గీస్తే ఆ గీత ఏటా డిసెంబరులో అనవసరంగా మోగుతుంది, జూన్‌లో నిజమైన లోపాన్ని వదిలేస్తుంది. డ్యామ్ కదలిక, ఊట రెండూ నీటిమట్టంతోనూ, ఋతువుతోనూ మారతాయి. కాబట్టి ఈ రోజు, ఈ మట్టంలో ఎంత ఉండాలో ముందు లెక్కగట్టాలి, కొలతలోంచి దాన్ని తీసేయాలి, మిగిలిన శేషానికి హద్దు పెట్టాలి.

దశాబ్దాలుగా వాడుకలో ఉన్న పద్ధతి హెచ్‌ఎస్‌టీ: నీటిమట్టం (నాలుగో ఘాతం దాకా), ఋతువు (ఏడాదికి, అర్ధ సంవత్సరానికి సైన్, కొసైన్ పదాలు), కాలం (నెమ్మదిగా జరిగే మార్పు). మామూలు లీస్ట్ స్క్వేర్స్ చాలు, ఎక్సెల్‌లో కూడా అవుతుంది. ప్రామాణిక విచలనానికి 2 రెట్లు దాటితే మళ్లీ కొలవండి, 3 రెట్లు దాటితే మనిషి గ్యాలరీలోకి దిగాలి. మూడో భాగం, అంటే కాలంతో పెరిగే పదం, విడిగా గ్రాఫ్ గీయండి. రోజువారీ అలారం ఎన్నడూ మోగకపోయినా ఏడాదికి కాస్త చొప్పున ఎక్కే గీత అందులోనే కనిపిస్తుంది.

దీనికి కనీసం 5 ఏళ్ల డేటా కావాలి. అందుకే #2లో రిజిస్టర్లు వదలవద్దన్నారు. ఎక్కించేటప్పుడు ముఖ్యంగా చూడాల్సింది అడుగులు, మీటర్లు. ఉదాహరణకు నాగార్జునసాగర్ పూర్తిమట్టం 590 అడుగులు, అంటే 179.83 మీటర్లు, మన దగ్గర చాలా పాత డ్యామ్‌లలో రిజిస్టరు అడుగుల్లో, కొత్త సెన్సార్ మీటర్లలో ఉంటాయి. ఆటోమేటిక్ వచ్చాక కనీసం ఒక పూర్తి నీటి సంవత్సరం చేతి రీడింగులు, సెన్సార్ రీడింగులు పక్కపక్కనే నడవాలి. లేకపోతే పాత వరుసకూ కొత్త వరుసకూ అతుకు కుదరదు.

అసలు ఊట డిసెంబరు–జనవరిలో ఎందుకు పెరుగుతుంది? చలికి ఎగువ ముఖం ముడుచుకుంటుంది, కీళ్లు కొద్దిగా తెరుచుకుంటాయి. మట్టం తగ్గుతున్నా ఊట పెరుగుతుంది. మొదటిసారి చూసినవారు కంగారుపడతారు. వేడి లోపలికి వెళ్లడానికీ సమయం పడుతుంది: ముఖం నుంచి 3 మీటర్ల లోతులో ఏడాది ఉష్ణోగ్రత అల దాదాపు రెండు నెలలు ఆలస్యంగా వస్తుంది. ఆ రోజు గాలి ఉష్ణోగ్రతతో పోల్చితే ఏ సంబంధమూ కనిపించకపోవడానికి కారణం ఇదే.

కొండవాగు (#5)

చాలా ఉపయోగం. శేషం_సిగ్మా గారూ, సరఫరాదారు "ఏఐ మోడల్ ఉంది, హెచ్‌ఎస్‌టీ పాతది" అంటున్నారు. ర్యాండమ్ ఫారెస్ట్ (అనేక నిర్ణయ చెట్లను కలిపిన మోడల్) అట. ఎలా చూడాలి?

శేషం_సిగ్మా (#6)

నేర్చుకున్న డేటా పరిధిలో అది హెచ్‌ఎస్‌టీ కంటే బాగానే అంచనా వేయవచ్చు. చిక్కు పరిధి బయట. చెట్ల మోడల్ తాను చూసిన గరిష్ఠ మట్టానికి మించి ఏమీ ఊహించలేదు, అక్కడ గీత చదునైపోతుంది. శ్రీశైలంలో 2009 అక్టోబరు వరద 885 అడుగుల పూర్తిమట్టాన్ని 11 అడుగులకు పైగా దాటింది. అలాంటి రోజున మోడల్ "ఇంత కదలిక అసహజం" అని అరుస్తుంది, లేదా అలారం గీతకు అర్థమే ఉండదు. హెచ్‌ఎస్‌టీ నాలుగో ఘాతం కూడా పరిధి బయట నమ్మదగ్గది కాదు. ఆ పరిస్థితికి ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ (డ్యామ్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టి బలాలు లెక్కగట్టేది) ఒక్కటే ఆధారం. సరఫరాదారుని ఒకటే అడగండి: చివరి రెండేళ్లు దాచిపెట్టి, ముందటి డేటాతో నేర్పి, ఆ రెండేళ్లను ఎంత బాగా చెప్పిందో చూపించమనండి. హెచ్‌ఎస్‌టీ ఫలితం పక్కన పెట్టి చూపించాలి.

ఆకాశదృష్టి (#7)

క్రెస్ట్ మీద జీఎన్‌ఎస్‌ఎస్ 4 స్టేషన్ల డబ్బు దండగ. 38 మీటర్ల గ్రావిటీ డ్యామ్ క్రెస్ట్ ఏడాది మొత్తంలో కదిలేది కొన్ని మిల్లీమీటర్లే. జీఎన్‌ఎస్‌ఎస్ ఖచ్చితత్వమూ కొన్ని మిల్లీమీటర్లే, ఎత్తు దిశలో ఇంకా తక్కువ. ప్లంబ్‌లైన్ (డ్యామ్ లోపల నిలువుగా వేలాడే తీగ) 0.1 మి.మీ. చెబుతుంది. ఉంటే ఆ స్టేషన్లు మట్టికట్ట మీదికి మార్చండి, అక్కడ కుంగుడు సెంటీమీటర్లలో ఉండవచ్చు.

ఉపగ్రహ రాడార్ కూడా కట్టలకు పనికొస్తుంది. సెంటినెల్-1 డేటా ఉచితం, 5.6 సెం.మీ. తరంగం, ఒక ఉపగ్రహానికి 12 రోజుల ఆవృత్తి. రెండు చిత్రాల మధ్య కదలిక పావు తరంగం, అంటే 1.4 సెం.మీ. దాటితే లెక్క గందరగోళమవుతుంది. ఉత్తర-దక్షిణ దిశలో జరిగే కదలిక దానికి దాదాపు కనిపించదు, కాబట్టి మీ డ్యామ్ అక్షం ఎటు ఉందో ముందు చూడండి. గడ్డి, తుమ్మ మొలిచిన కట్ట మీద సంకేతం చెదిరిపోతుంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ రాడార్ ఉపగ్రహంలో 24 సెం.మీ. ఎల్-బ్యాండ్ ఉంది, పచ్చదనంలోంచి మెరుగ్గా చూస్తుంది.

డ్రోన్ ఫోటోల గురించి కూడా. "పగుళ్ల సర్వే" అని రాస్తే చాలదు, పిక్సెల్ సైజు రాయాలి. 4.4 మైక్రాన్ల పిక్సెల్, 35 మి.మీ. లెన్స్, 10 మీటర్ల దూరం: గోడ మీద పిక్సెల్ 1.26 మి.మీ. వెంట్రుకవాసి పగులు అందులో కనిపించదు. 5 మీటర్లకు దగ్గరైతే 0.63. అదే డ్రోన్‌కు థర్మల్ కెమెరా పెట్టి తెల్లవారకముందు దిగువ ముఖం తీస్తే తడి ప్రాంతాలు స్పష్టంగా విడిపోతాయి.

తీగకంపనం (#8)

ఆకాశదృష్టి గారితో ఏకీభవిస్తాను, ఒక చిన్న సవరణ. పాత డ్యామ్‌లో ప్లంబ్‌లైన్ షాఫ్టు లేకపోతే కొత్తగా బోరు కొట్టాలి, అది తేలిక కాదు. 200 మి.మీ. బోరు 30 మీటర్ల లోతున 10 సెం.మీ. పక్కకు జరిగినా మధ్యలో వేలాడే తీగ గోడకు తగులుతుంది. రాతి కట్టడంలో బిట్ పక్కకు పోవడం మామూలే. బోరు కుదరకపోతే క్రెస్ట్, దిగువ ముఖం మీద ప్రిజమ్‌లు, ఎదుటి బండ మీద స్థిరమైన కాంక్రీటు స్తంభం, టోటల్ స్టేషన్ వాడండి. కొలత ఎప్పుడూ తెల్లవారుజామునే, ఎండ ముఖం మీద పడకముందే తీయాలి.

గొలుసుతాడు (#9)

గేట్లకు ఒక్క పరికరం కూడా లేదన్నారు కదా, ఈ జాబితాలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది అదే.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. 1953లో పూర్తయిన డ్యామ్, 33 గేట్లు. డ్యామ్ గోడకు ఏమీ కాలేదు, అయినా నిండుగా ఉన్న రిజర్వాయర్‌ను కొంతమేర ఖాళీ చేసుకోవాల్సి వచ్చింది. ప్రవహిస్తున్న నీటిలోనే ఇనుప పలకలు దించి, గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో వారం రోజుల్లో ఆపగలిగారు. పునాదిలో ఎన్ని పీజోమీటర్లున్నా ఆ గొలుసు సంగతి చెప్పవు.

మీవి రేడియల్ గేట్లు, కాబట్టి మొదటి శత్రువు ట్రనియన్ పిన్ (గేటు తిరిగే ఇరుసు) దగ్గరి రాపిడి. 1995 జూలై 17న కాలిఫోర్నియాలో ఫోల్సమ్ డ్యామ్ గేటు విరిగింది ఇందువల్లే: తుప్పు వల్ల పిన్ రాపిడి పెరిగింది, ఆ వంపు బలాన్ని గేటు చేతుల (పలకను ఇరుసుకు కలిపే దూలాల) బ్రేసింగ్ తట్టుకోలేకపోయింది. కంటికి గేటు బాగానే ఉంది.

ఏం పెట్టాలంటే:

మోటారుకు పవర్ మీటర్ పెట్టండి. కరెంటు ఒక్కటే కొలిస్తే చాలదు. తక్కువ బరువు మీద మోటారు కరెంటు పెద్దగా మారదు, కిలోవాట్లు మారతాయి. సెకనుకు 10 రీడింగులు, గేటు ఎంత తెరుచుకుందో చూపే ఎన్‌కోడర్‌తో జతచేసి ఒక వక్రం గీయండి. వానాకాలానికి ముందు పరీక్షలో ప్రతి గేటుకూ ఒక మూల వక్రం. తర్వాత అదే మట్టంలో, అదే తెరుపులో 20 శాతం ఎక్కువ శక్తి తింటే గ్రీజు దారులు, పిన్, సీళ్లు చూడాలి. మట్టం వేరైతే పోల్చకండి, నీటి ఒత్తిడి మారితే రాపిడీ మారుతుంది.

గేటు ఎత్తే రెండు తాళ్లకూ లోడ్‌సెల్ (బరువు కొలిచే) పిన్నులు వేయండి. ఎడమ, కుడి బరువుల్లో 10 శాతానికి మించి తేడా నిలకడగా ఉంటే గేటు వాలుగా లేస్తోంది. పోలవరం లాంటి చోట 48 గేట్లూ హైడ్రాలిక్ సిలిండర్లతో లేస్తాయి. అక్కడ ఇదే సమాచారం రెండు సిలిండర్ల పీడనాల తేడాలో దొరుకుతుంది.

ట్రనియన్ దగ్గర చేతుల మీద, పైనా కిందా జతగా, వెల్డబుల్ స్ట్రెయిన్ గేజీలు (ఇనుము సాగుడు కొలిచేవి) అతికించండి. గేటు కదిలే క్షణంలో వంపు ఎంతో అవే చెబుతాయి.

వైర్ రోపులకు ఏటా మాగ్నెటిక్ పరీక్ష, గేటు పలకకు అల్ట్రాసోనిక్ మందం కొలత చేయించండి. వీటికి శాశ్వత సెన్సార్లు అక్కర్లేదు, కొలిచిన చోటు గుర్తు, తేదీ, అంకె కంప్యూటర్‌లో ఉంటే చాలు. స్టాప్‌లాగ్‌లు (గేటు ముందు దించే తాత్కాలిక పలకలు) ఉన్నాయో లేదో, ఉంటే గాడుల్లో దిగుతాయో లేదో ఈ వేసవిలోనే దించి చూడండి.

ఇసుకపునాది (#10)

బ్యారేజీల వాళ్లు కూడా ఈ చర్చ చూస్తారు కాబట్టి చిన్న చేర్పు. పైన చెప్పిందంతా బండ మీద కట్టినవాటికి. ఇసుక మీద కట్టినవాటికి లెక్క వేరు. మేడిగడ్డలో 2023 అక్టోబరు 21న 7వ బ్లాకు పియర్లు (గేట్ల మధ్య స్తంభాలు) కుంగాయి. జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ కమిటీ ర్యాఫ్ట్ (పునాది పలక) కింద ఇసుక కొట్టుకుపోవడాన్ని ప్రధాన కారణంగా చెప్పింది. అలాంటి చోట కటాఫ్ గోడకు (కింద ఊటను ఆపే భూగర్భ అడ్డుగోడ) ఎగువన ఒకటి, దిగువన ఒకటి చొప్పున ప్రతి బ్లాకులో పీజోమీటర్ల జత ఉండాలి. కటాఫ్ బాగుంటే రెంటి మధ్య పీడనం గట్టిగా పడాలి. ఆ తేడా నెలనెలా తగ్గుతోందంటే కింద దారి ఏర్పడుతోంది. దిగువ అప్రాన్ (కాంక్రీటు పరుపు) కింద గుంతలు పడ్డాయేమో ప్రతి వరద తర్వాత మల్టీబీమ్ సోనార్‌తో కొలవాలి. మీ డ్యామ్‌కూ స్పిల్‌వే కింద అదే సర్వే అవసరం, దూకే నీరు తవ్వే గుంత పైకి కనిపించదు.

రాగితీగ (#11)

కేబుళ్లు, కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు. పరికరాలు చచ్చిపోయేది ఎక్కువగా పిడుగులకూ తేమకూ. గ్యాలరీ లోపల సెన్సార్ నుంచి లాగర్ దాకా రాగి, లాగర్ నుంచి బయటికి ఆప్టికల్ ఫైబర్ వేయండి. క్రెస్ట్ మీద పడ్డ పిడుగు రాగి కేబుల్ వెంట గ్యాలరీలోకి దిగి ఒకే దెబ్బకు మల్టీప్లెక్సర్లన్నీ (చాలా సెన్సార్లను ఒక లాగర్‌కు కలిపే పెట్టెలు) కాల్చేస్తుంది. ప్రతి ఛానెల్‌కు సర్జ్ ప్రొటెక్టర్, అన్నిటికీ ఒకే ఎర్త్. కేబుల్ మధ్యలో అతుకులు ఒప్పుకోకండి, ప్రతి 5 మీటర్లకు నంబరు బిళ్ల కట్టించండి. లాగర్ పెట్టెలో సిలికాజెల్ మార్చడం నిర్వహణ ఒప్పందంలో రాయాలి, రాయకపోతే ఎవరూ మార్చరు.

గేట్ల నియంత్రణ, పరికరాల డేటా ఒకే నెట్‌వర్క్‌లో వద్దు. డేటా బయటికి వెళ్లవచ్చు, గేటు ఎత్తమనే ఆదేశం ఇంటర్నెట్ నుంచి లోపలికి రాకూడదు. డేటా మీ సర్వర్‌లో, ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉండాలి. కేంద్ర జల సంఘం ధర్మ (డ్యామ్‌ల సమాచార) పోర్టల్‌లో పెట్టడానికీ అదే సులువు.

కొండవాగు (#12)

అంచనాను ఇలా మారుస్తున్నాం: అల్ట్రాసోనిక్‌లు తీసేసి వియర్ మానిటర్లు 6, బారోమీటర్ 1, కండక్టివిటీ సెన్సార్ 1, జీఎన్‌ఎస్‌ఎస్ 2 మాత్రమే, అవీ మట్టికట్ట మీద. మిగిలిన డబ్బు 8 గేట్లకు పవర్ మీటర్లు, ఎన్‌కోడర్లు, లోడ్‌సెల్‌లకు. పెద్ద తెర రద్దు. పీజోమీటర్లు 24 అలాగే ఉంచుతున్నాం.

ఒక్క ప్రశ్న మిగిలింది. గ్యాలరీ డ్రెయిన్లు (పునాది నీటి పీడనం తగ్గించే రంధ్రాలు) చాలావరకు సున్నంతో మూసుకున్నాయి. వాటిని కడగాలా, ముందు సెన్సార్లు పెట్టాలా?

తీగకంపనం (#13)

ముందు సెన్సార్లు, తర్వాత కడగడం. కనీసం రెండు మూడు నెలల రీడింగులు వచ్చాక మొదలుపెట్టండి. డ్రెయిన్లు మూసుకున్న స్థితిలో అప్‌లిఫ్ట్ ఎంతో రికార్డవ్వాలి, లేకపోతే కడిగినందువల్ల ఏం లాభమొచ్చిందో ఎవరూ చెప్పలేరు.

పోల్చడానికి ఐఎస్ 6512 (గ్రావిటీ డ్యామ్ డిజైన్‌కు భారతీయ ప్రమాణం) లెక్క ఉంది: డ్రెయిన్ల వరుస దగ్గర పీడనం = దిగువ నీటి హెడ్ (ఎత్తు) + (ఎగువ, దిగువల తేడాలో మూడో వంతు). ఎగువ 36 మీటర్లు, దిగువ 3 మీటర్లు అయితే 14 మీటర్లు రావాలి. సెన్సార్ 20 చూపిస్తే ఆ బ్లాకులో డ్రెయిన్లు పనిచేయడం లేదు, స్థిరత్వం లెక్కను ఆ 20తోనే మళ్లీ కట్టించాలి. డిజైన్ కాగితంలోని 14తో కట్టకూడదు.

కడిగేటప్పుడు ఒక బ్లాకు పూర్తయ్యాకే ఇంకో బ్లాకు. లాగర్‌ను ఆ రోజుల్లో 15 నిమిషాలకోసారి చదివేలా మార్చండి. డ్రెయిన్ తెరుచుకోగానే దగ్గరి పీజోమీటర్ పడాలి, ఆ బ్లాకు నాచ్‌లో నీరు పెరగాలి. పీడనం పడకుండా నీరు మాత్రమే పెరిగితే మీరు తెరిచింది ఊట దారిని. అప్పుడు ఆపి, నీరు మడ్డిగా వస్తోందేమో గాజు సీసాలో పట్టి చూడండి. గ్రౌటింగ్ వాళ్లతో మాట్లాడాకే పక్క డ్రెయిన్ ముట్టుకోండి.

వీనాచ్_రంగ (#14)

సీసా మీద తేదీ, బ్లాకు నంబరు, ఆ పూట రిజర్వాయర్ మట్టం రాసి 24 గంటలు కదపకుండా ఉంచండి. అడుగున పేరుకున్నది సున్నమా, బంకమన్నా, ఇసుకా అన్నది ల్యాబు నుంచి కాగితం మీద రావాలి. టర్బిడిటీ సెన్సార్ నీరు మురికిగా ఉందనే చెబుతుంది, ఆ మురికి ఏమిటో చెప్పదు.